అప్రమేయం: మన ప్రమేయం లేనిది

‘డిఫాల్ట్’ అనే ఆంగ్లపదానికి తెలుగుసేత చేసినవారు ‘అప్రమేయం’ అన్నారు. తెలుగు వికీపీడియాలోను, తెలుగులోకి తెచ్చిన కొన్ని సాఫ్ట్‌వేర్లలోను ఈ మాట కనబడుతుంది. సంస్కృతం చదివినవారికి ఇది వింతగా తోస్తుంది. అప్రమేయుడంటే ప్రమాణాలకు అందనివాడు, కొలతకు లొంగనివాడు. విష్ణుసహస్రనామాలలో అదొక నామం. కంప్యూటరులో ముందే పెట్టి ఉంచిన ఖతికో, విహారిణికో ఆ పేరు పెట్టడమేమిటని పండితమిత్రులొకరు నాతో వాదానికి దిగినారు. నేను అనువాదకుల పక్షమే వహించినాను. తెలుగులో ప్రమేయమంటే సంబంధం, జోక్యం. ‘నా ప్రమేయం లేకుండా జరిగింది’ అంటాము గదా! మన ప్రమేయం లేకుండా మన యంత్రంలో వచ్చి కూర్చున్నది అప్రమేయం. ఆ వస్తువు స్వభావాన్ని ఇంత నిజంగా చెప్పే మాట ఆంగ్లంలో కూడా లేదు.

బడిలో ముప్పయ్యేండ్లకు పైగా సంధులు చెప్పినవాణ్ణి కనుక నాకీ వ్యవహారం వ్యాకరణంగానే కనబడుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి ఒకచోట నిత్యం, ఒకచోట వైకల్పికం, మరొకచోట బహుళం. ఉకారసంధి నిత్యం, తప్పించుకోవడానికి వీలులేదు. ఏమ్యాదులలో ఇకారసంధి వైకల్పికం. ‘ఏమంటివి’ అన్నా సాధువే, ‘ఏమియంటివి’ అన్నా సాధువే. విద్యార్థి ఏది రాసినా మార్కు ఇవ్వవలసిందే. సాఫ్ట్‌వేరు సంస్థలు తమ సరుకును మన యంత్రాలలో ముందే పెట్టి, ‘ఇది వైకల్పికమే, ఇష్టం లేకపోతే మార్చుకోండి’ అంటాయి. ప్రయోగంలో చూస్తే అది నిత్యంగా ఉంటుంది. సూత్రంలో వైకల్పికమని రాసి ప్రయోగంలో నిత్యం చేయడం మీదనే నా అభ్యంతరం. ముందే పెట్టడం మీద కాదు.

ముందే పెట్టడాన్ని ఆక్షేపించే హక్కు మన తెలుగు బ్లాగరులకు లేదు కూడా. మన పుట్టుకే ఒక అప్రమేయ ఖతి పుణ్యం. విండోస్ 98 నాటి యంత్రాలలో యూనికోడు తెలుగు తెరిస్తే డబ్బాలు కనబడేవని పాతవారందరికీ గుర్తుంటుంది. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. దానితోపాటు ‘గౌతమి’ వచ్చింది. సంక్లిష్ట లిపుల దగ్గర టిక్కు పెట్టి, సీడీ వెదికి తెచ్చి పెట్టి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ వెలిగిస్తే తెరమీద అచ్చతెలుగు! ఆ అక్షరాలు చిన్నవి, ఇరుకైనవి, ఒత్తులు కంటికి ఆనేవి కావు. అందగత్తె కాదుగాని ఇంటింటా ఉన్నది. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు చూడముచ్చటగా ఉండేవి. కాని వాటిని ఎవరికి వారు దించుకోవాలి, దించుకోవచ్చునని ముందు తెలియాలి. చదివేవాడి యంత్రంలో గౌతమి ఉన్నదనే భరోసాతోనే మనం టపాలు రాసినాము. అంటే అప్రమేయం మేలు చేయగలదు. ఏమీ తెలియని మనిషి చేతికి యంత్రం వచ్చినప్పుడు అందులో పనికివచ్చేది ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. ఖాళీ పలక ఇచ్చి ‘నీకు స్వేచ్ఛ ఇచ్చినాను’ అనడం పరిహాసమే.

అదే యంత్రంలో అదే సంస్థవారు పెట్టిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు సంగతి వేరు. అప్పటి తెలుగు దినపత్రికల సైట్లు చాలావరకు యూనికోడులో ఉండేవి కావు. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క సొంత ఖతి, సొంత సంకేతపద్ధతి. ఎక్స్‌ప్లోరరులో తెరిస్తే ఆ ఖతి దానంతటదే దిగి వార్త కనబడేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్తకు బదులు గజిబిజి గుర్తులు. విండోస్ ఉన్న ప్రతివాడి దగ్గరా ఎక్స్‌ప్లోరరు ఉంటుంది గనుక సైటు కట్టినవారు దానిలో సరిచూసుకొని చేతులు దులుపుకొనేవారు. పత్రికలవారు ఎవరికీ అపకారం తలపెట్టలేదు. ఆ సంస్థ కూడా తెలుగు పత్రికలను తలచుకొని ఏదీ చేసి ఉండదు. అయినా ఒకరి ఇంట్లోని అలవాటు పదిమందికి శాసనమై కూర్చున్నది. లినక్స్ వాడే తెలుగువాడు తన ఊరి వార్త తాను చదువుకోలేకపోయినాడు. ఆ చిక్కు విప్పడానికి నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే పొడిగింతను రాసినారు. అది ఆ సొంత ఖతుల రాతను యూనికోడులోకి మార్చి చూపేది. ఎంతమంది రాత్రులు ఎంత శ్రమపడితే ఆ ముడి విడివడిందో, దాని మేలు పొందిన మనకు తెలుసు.

ఆ ఎక్స్‌ప్లోరరు మీదనే అమెరికా ప్రభుత్వం 1998 మే నెలలో దావా వేసింది. 2000లో న్యాయమూర్తి జాక్సన్ మైక్రోసాఫ్ట్‌ను రెండుగా చీల్చమన్నారు. 2001లో అప్పీలు న్యాయస్థానం గుత్తాధిపత్యం నిజమేనన్నది గాని చీల్చే ఆజ్ఞను కొట్టివేసింది. ఆపైన రాజీ కుదిరింది. అప్పటికే నెట్‌స్కేప్ నీరసించి పోయింది. తీర్పు వచ్చేసరికి రోగి ఉండకపోవడం ఈ రకం వ్యాజ్యాలన్నిటికీ ఉన్న జబ్బు.

‘ఇంత రాద్ధాంతమెందుకు? నాలుగు మీటలు నొక్కితే మారిపోతుంది గదా’ అని యువమిత్రులు అంటారు. సంస్థల న్యాయవాదులు కూడా ఈ మాటే చెబుతారు. దీనికి నా జవాబు ఒక అంకె. అమెరికాలో గూగుల్ మీద నడిచిన దావాలో బయటపడిన లెక్క ప్రకారం, ఇతరుల ఫోనులలోను విహారిణులలోను తన వెదుకులాటను అప్రమేయంగా ఉంచినందుకు ఆ సంస్థ 2021వ సంవత్సరం ఒక్కదానిలో చెల్లించిన సొమ్ము 2,630 కోట్ల డాలర్లు. నాలుగు మీటలతో జనం మార్చేసుకొనేదే అయితే వ్యాపారం తెలిసినవాడెవడైనా దానికింత ధర ఇస్తాడా? మనం మార్చమనే ధీమాకు కట్టిన వెల అది. 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా ఆ సంస్థ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకొన్నదని తీర్పు చెప్పినారు.

ఐరోపావారు మరొక ఉపాయం చేసినారు. విండోస్ తెరవగానే పలు విహారిణుల పేర్లు చూపి, ఏది కావాలో అడగాలన్నారు. మైక్రోసాఫ్ట్ 2009లో ఒప్పుకొన్నది. 2011 మే నుంచి 2012 జూలై దాకా కోటిన్నరకు పైగా వాడుకరులకు ఆ ప్రశ్న కనబడనే లేదు. సాంకేతిక లోపమన్నారు. 2013లో 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. నన్ను ఆశ్చర్యపరిచినది జరిమానా కాదు. అడుగుతామని మాట ఇచ్చిన ప్రశ్నను ఏడాదికి పైగా అడగకపోయినా సంస్థ గమనించలేదట! వారికి రావలసిన పైకం రాకపోతే ఒక్కపూటలో గమనించేవారు.

ఇక మన సంగతి. మా కృష్ణానగరం సినిమావారి పేట. తెల్లవారకముందే చిన్న వేషాలవారు, లైటుమెన్లు, దుస్తులు కుట్టేవారు వీధి మొగలో బండ్ల కోసం నిలబడి ఉంటారు. ఒకప్పుడు పిలుపు మనిషి ద్వారా వచ్చేది. ఇప్పుడు ఫోనులో వస్తుంది. ‘రేపటికి ఇట్లాంటి ముఖం కావాలి, ఫోటోలు, చిన్న వీడియో పంపండి’ అని. ముందు పంపినవాడిదే వేషం. మా మేడమీది గదిలో అద్దెకుండే ఆయన ఒకనాటి ఉదయం వచ్చి, ‘మాస్టారూ, వీడియో తియ్యనివ్వడం లేదండీ, చోటు లేదంటుందండీ. ఎనిమిది గంటల్లోపు పంపాలండీ’ అన్నాడు. తక్కువ ధర ఫోను. ఉన్న ఫోటోలన్నీ అప్పటికే తుడిచేసినాడు, చనిపోయిన తల్లి ఫోటో ఒక్కటి తప్ప. ఇద్దరమూ సందు చివర ఫోనులు బాగుచేసే కొట్టుకు పోయినాము. కొట్టు కుర్రవాడు తెర అటూ ఇటూ తోసి, ‘ఇవన్నీ కంపెనీ నుంచే వస్తయ్ సార్. ఇవి పోవు. డిజేబుల్ చేస్తా, కానీ జాగ ఎక్కువేం మిగలదు’ అన్నాడు. సినిమా చూపేది, పాటలు వినిపించేది, దారి చూపేది, ఆటలు రెండు, పేరే వినని అంగడి ఒకటి. ఆయన ఏనాడూ తెరవనివి. వాటిలో ఏదీ పోదు. పోవలసింది అమ్మ ఫోటో.

ఇది ఒక్కడి దురదృష్టం కాదు, ఒప్పందాల ఫలం. ఆ ఒప్పందాలను మన దేశంలోనే విప్పి చూపినారు. ఉమర్ జావీద్, మరి ఇద్దరు యువకులు 2018లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసినారు. పెద్ద పెద్ద సంస్థలు నోరు మెదపని చోట ముగ్గురు పిల్లలు పూనుకొన్నారు. 2019లో విచారణకు ఆజ్ఞ అయింది. తేలిందేమంటే, ఫోను తయారుచేసేవాడు ఆండ్రాయిడ్ ఉచితంగానే తీసుకోవచ్చు. కాని ప్లేస్టోర్ లేని ఫోనును మన దేశంలో ఎవరు కొంటారు? ప్లేస్టోర్ కావాలంటే గూగుల్ వారి అనువర్తనాల మూట మొత్తం ఎత్తుకోవాలి. వెదుకులాట పెట్టె మొదటి తెరమీదనే ఉండాలి. వాటిని వాడుకరి పీకివేయడానికి వీలు లేకుండా ఉండాలి. ఫోనులలో నూటికి తొంభై అయిదుకు పైగా ఆండ్రాయిడే అయిన దేశంలో దీనిని ఒప్పందమనాలా, శాసనమనాలా? 2022 అక్టోబరు 20న కమిషన్ 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మూట కట్టవద్దన్నది. వాడుకరిని అడగాలన్నది. ముందే పెట్టినవాటిని తొలగించే వీలు ఇవ్వాలన్నది.

సంస్థ అప్పీలుకు పోయింది. సుప్రీంకోర్టు 2023 జనవరిలో నిలుపుదల ఇవ్వలేదు. ఆ నెలలోనే గూగుల్ కొన్ని మార్పులు ప్రకటించింది. తయారీదారులు మూట విప్పి కావలసినవి మాత్రమే తీసుకోవచ్చునని, కొత్త ఫోను తెరిచేటప్పుడు వెదుకులాట ఏది కావాలో వాడుకరి ఎంచుకోవచ్చునని. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను ఖాయం చేసింది గాని, కమిషన్ ఆజ్ఞలలో నాలుగింటిని కొట్టివేసింది. ఆ నాలుగింటిలో తొలగించే వీలు ఇవ్వాలన్న ఆజ్ఞ ఒకటి. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. మా మేడమీది ఆయనకు పనికివచ్చేది ఆ తొలగించే వీలు. వ్యాజ్యంలో వాడుకరి చేతికి నేరుగా అందవలసిన ముక్క ఏదో అదే జారిపోయింది. దీని మీద మన పత్రికలలో కోట్ల లెక్కే పెద్ద అక్షరాలలో వచ్చింది.

సందు కొట్టులో అవసరం గనుక ఆయన తల్లి ఫోటోను నా ఫోనులోకి మార్చి దాచినాను. వేషం సంగతి అడగకండి.

పెట్టినవాడి చేతిలోనే అంతా ఉంటే భాషకు ఏమవుతుందో చూపడానికి 2018 ఫిబ్రవరి చాలు. ఐఫోనును ఒక్క తెలుగు అక్షరం కుప్పకూల్చింది. మామూలుగా రాసే ‘జ్ఞా’ కాదు. జ్ఞ తరువాత కంటికి కనబడని విడదీత గుర్తొకటి చేరి, దాని వెనుక దీర్ఘం వస్తే, దానిని ఎట్లా గీయాలో తెలియక ఫోను చేతులెత్తేసింది. ఎవరో సందేశంలో పంపితే చాలు, పెట్టె తెరుచుకొనేది కాదు. ఫిబ్రవరి 19న సవరణ వచ్చింది. జ్ఞానానికి తొలి అక్షరమే ప్రమాదకరమైందని అప్పుడు బాగా నవ్వుకొన్నారు. నాకు నవ్వు రాలేదు. ‘తెలుగు అక్షరం ఫోనును చంపింది’ అని లోకమంతా రాసింది. తెలుగు ఎవరినీ చంపలేదు, గీయడం రానిది ఆ ఫోను. పైగా ఆ ఫోనులో విహారిణి పేరు మార్చుకొన్నా లోపలి ఇంజను ఒక్కటే ఉండాలనేది ఆపిల్ నియమం. ఫైర్‌ఫాక్స్ వేసుకొన్నా, క్రోమ్ వేసుకొన్నా పైపై వేషమే, లోపలి నటుడు ఒక్కడే. ఒక పొరపాటు జరిగితే పక్కవీధిలో తలదాచుకొనే చోటు లేదు. 2024 మార్చిలో ఐరోపా సంఘం కొత్త చట్టం వలన అక్కడివారికి వేరే ఇంజన్లకు అనుమతి దొరికింది. అప్పుడు ఆ వరం మన దాకా రాలేదు. అక్షరం మనది, అవసరం మనది, వరం వారిది!

ఇదంతా కంపెనీల దోషమే అని ఊరుకొనే వీలు కూడా లేదు. 2025 నవంబరు 28న మన టెలికాం శాఖ ‘సంచార్ సాథీ’ని కొత్త ఫోనులన్నిటిలో ముందే పెట్టాలని, దాని పనులకు అడ్డు కల్పించరాదని తయారీదారులకు ఆదేశం పంపింది. పోయిన ఫోనులను పట్టుకోవడానికి, మోసాలను ఆపడానికి అది పనికివచ్చేదే. పనికివస్తుందని చెప్పి ఇష్టపడినవారిని వేసుకోనివ్వవచ్చు గదా! గగ్గోలు పుట్టి డిసెంబరు 3న ఆదేశాన్ని వెనుకకు తీసుకొన్నారు. అయిదు రోజులలో వెనుకకు తీసుకొనడం మెచ్చదగినదే. కాని కమిషన్ ఒకవైపు ముందే పెట్టవద్దంటుండగా, అదే ప్రభుత్వంలోని మరొక శాఖకు ముందే పెట్టాలనే బుద్ధి పుట్టింది. అప్రమేయం రుచి అట్లాంటిది.

నేను ఉపాధ్యాయుణ్ణి గనుక నాకు అన్నిటికంటె గుచ్చుకొనేది బడి సంగతి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. అందులో బైజూస్ వారి పాఠాలు ముందే నింపి ఇచ్చినారు. పేదపిల్లల చేతికి యంత్రం రావడాన్ని నేను తప్పుపట్టను. చేతికి అందివచ్చిన దానిని కాదనుకొనే స్థితి ఆ ఇండ్లలో ఉండదు కూడా. కాని పాఠ్యపుస్తకమైతే దానికొక సంఘం ఉంటుంది, రచయితలుంటారు, తప్పు ఉంటే మావంటివారు ఉత్తరాలు రాసి తరువాతి ముద్రణలో దిద్దించేవారు. ట్యాబులో నింపిన పాఠానికి దిద్దుబాటు ఒక్క కంపెనీ చేతిలో ఉంటుంది. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా విచారణకు ఎక్కింది. కంపెనీ కుంగితే పిల్లవాడి చేతిలోని పాఠానికి బాధ్యులెవరు? పుస్తకం అచ్చువేసిన ప్రెస్సు మూతపడినా పుస్తకం పుస్తకంగానే ఉంటుంది.

ఆ బుద్ధి మనకు పెద్దలలోనే పాతుకొని ఉన్నది. అమీరుపేట మైత్రీవనం చుట్టుపక్కల సంస్థల బోర్డులు చూస్తూ ఏండ్ల తరబడి నడిచినవాణ్ణి. ‘కంప్యూటరు వచ్చునా?’ అంటే ఒక కంపెనీవారి మూడు సరుకులు వచ్చునా అనే అర్థం స్థిరపడిపోయింది. ఉత్తరం రాయడం నేర్పేటప్పుడు ఫలానా కలం పేరు చెప్పి నేర్పుతామా? కేరళ ప్రభుత్వ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే పాఠాలు చెబుతున్నారు, పిల్లలు బాగానే నేర్చుకొంటున్నారు. మన హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులో నిలబెట్టడానికి ఏండ్లుగా పాటుపడ్డారు. ఆ పని బడిగడప దాకా రాలేదు. గడప దగ్గర అప్పటికే ఎవరో కూర్చొని ఉన్నారు.

నాకు కావలసినది చిన్నదే. కొత్త యంత్రం తెరిచినప్పుడు అడిగే ప్రశ్న తెలుగులో అడగాలి. ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట ఎంత పెద్దదో ‘వద్దు’ అనే మీట అంతే ఉండాలి. ముందే పెట్టిన ప్రతిదానికీ పక్కన తీసివేసే మీట ఉండాలి, తీసివేస్తే నిజంగా పోవాలి, చోటు మిగలాలి. అడిగిన ప్రశ్నను ప్రతి నవీకరణ తరువాత మళ్ళీ అడగకూడదు. ‘వద్దు’ అన్నవాణ్ణి నెలకొకసారి బతిమాలడం మర్యాద కాదు, వేధింపు. మార్కెట్టు మీద కమిషన్ కొట్లాడుతూనే ఉంటుంది, అది మన చేతిలో లేదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ బడులకు, కార్యాలయాలకు యంత్రాలు కొంటూనే ఉన్నాయి, అది మన పన్నుల డబ్బు. ఆ కొనుగోలు పత్రంలో ఒక షరతు చేర్చితే చాలు: ముందే ఉంచిన ఏ సాఫ్ట్‌వేరైనా వాడుకరి పూర్తిగా తొలగించగలిగినదై ఉండాలి. అధికారులకు వాక్యం కుదరకపోతే నేను రాసి ఇస్తాను. సంధులు విడదీసి మరీ రాస్తాను, ‘వైకల్పికం’ అన్న మాటకు అర్థం ఎక్కడా జారకుండా.